సైకిల్ చక్రం కింద ఏముందో చూడండి పిల్లలూ

బుజ్జీ, చిన్నోడా,

ఆదివారం పొద్దున్నే శ్రీకాకుళం నుంచి అరసవల్లి దాకా సైకిళ్ళ మీద వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. భలే సంతోషం వేసిందిరా, కానీ రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

మీరు కార్లకీ లారీలకీ భయపడతారు, మంచిదే. నన్ను పడేసింది మాత్రం ఉలవలు. కుర్రాడిగా ఉన్నప్పుడు మా ఊళ్ళో ఉలవ పంట తెచ్చి రోడ్డు మీద పరిచేవారు, బళ్ళు తొక్కితే గింజ రాలుతుందని. నేను దాని మీదకి వచ్చేశాక కంగారులో బ్రేక్ పట్టేశా, ముందు చక్రం సర్రుమని జారిపోయి మోచెయ్యి చెక్కుకుపోయింది, ఆ మచ్చ మీరు చూశారుగా. గింజలైనా ఇసకైనా సన్న కంకరైనా అంతే. టైరు రోడ్డుని పట్టుకునేది బొటనవేలంత చోటులోనే, దాని కింద గింజలు దొర్లితే ఇంక పట్టెక్కడిది? అందుకే స్పీడు ముందే తగ్గించుకోండి, మీదకి వచ్చాక గట్టిగా బ్రేకూ వద్దు, హ్యాండిల్ తిప్పడమూ వద్దు, తిన్నగా దాటేయండి. మలుపులో ఇసకుంటే మలుపుకి ముందే బ్రేక్.

వానలో ఇనప డ్రైనేజీ మూతలూ రోడ్డు మీద తెల్ల గీతలూ జారతాయి. చాన్నాళ్ళ ఎండ తర్వాత పడే మొదటి జల్లు ఇంకా చెడ్డది, దుమ్మూ బళ్ళ ఆయిలూ కలిసి జిడ్డైపోతుంది. నీళ్ళు నిలిచిన చోట కింద గొయ్యి ఎంత లోతో తెలీదు, సరదాకి కూడా దూకించొద్దు. కాలవ మీద చువ్వల జాలీ ఉంటే, సందులు మీరు వెళ్ళే వైపే ఉన్నాయేమో చూడండి, సన్న టైరు అందులో దిగిపోతుంది, దిగి నడిపించుకోండి, ఎవరేమనుకున్నా సరే.

చూపు చక్రం దగ్గర కాదు, బాగా ముందుకి. గోతినే చూస్తూ ఉంటే సైకిల్ అందులోకే పోతుంది, పక్కనున్న మంచి రోడ్డుని చూడండి. అలాగని వెనక బండి వస్తోందో లేదో చూడకుండా గభాల్న పక్కకి లాగొద్దు. తప్పించలేకపోతే పెడల్స్ మీద కొంచెం లేచి మోకాళ్ళూ మోచేతులూ వదులుగా ఉంచండి, కుదుపు నడుముకి రాదు.

హెల్మెట్ కనుబొమలకి రెండు వేళ్ళ పైన ఉండాలి బుజ్జీ, నువ్వు వెనక్కి తోసేస్తావు. గాలి ఎంత కొట్టాలో టైరు పక్కనే రాసుంటుంది.

రథసప్తమికి మాత్రం ఆ రోడ్డు మీద సైకిళ్ళు వద్దు, జనం మధ్య నడిచే వెళ్దాం. చిన్నోడా, నీ వెనక బ్రేకు వదులైందని పోయినసారే చూశా, శనివారం సాయంత్రం వస్తా, షాపుకి తీసుకెళ్ళి బిగించుకున్నాకే ఆదివారం బయల్దేరదాం.

మీ తాతయ్య