పన్నెండు వోల్టుల్ని ఐదు చేయడం

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైమ్‌లో కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే రైతుకు టెన్షనే. నెల్లూరులో బీటెక్ చదివే మా మేనల్లుడు, గుంట నీళ్లను కనిపెట్టి ఫోనుకు కబురు పంపే పెట్టె ఒకటి ప్రాజెక్టుగా కట్టాడు. గట్టు మీదున్నది 12 వోల్టుల బ్యాటరీ. పెట్టెలోని బోర్డుకు కావలసింది 5. అందరిలాగే, వోల్టేజీని 5కు దించే 7805 చిప్ పెట్టాడు. కాసేపటికి దాన్ని ముట్టుకుని "మామా, చెయ్యి కాలింది" అన్నాడు.

కాలదా మరి? బోర్డు అర ఆంపియరు తీసుకుంటోంది. మిగిలిన 7 వోల్టుల్నీ ఆ మూడు కాళ్ల చిప్పే భరించాలి. 7ను 0.5తో గుణిస్తే 3.5 వాట్లు, అంతా వేడే. బోర్డుకు అందేది 2.5 వాట్లు. పాత ఫ్యాన్ రెగ్యులేటర్ డబ్బా మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది చూడండి, అదే బాపతు.

వోల్టేజీని దించే ఇంకో రకం సర్క్యూట్ బక్ కన్వర్టర్. దాని దారి వేరు. అందులో స్విచ్ పూర్తిగా ఆన్ అయి ఉంటుంది, లేదా పూర్తిగా ఆఫ్ అయి ఉంటుంది. కరెంటు పారేటప్పుడు స్విచ్ మీద వోల్టేజీ దాదాపు ఉండదు, వోల్టేజీ ఉన్నప్పుడు కరెంటు పారదు. అందుకే వేడి తక్కువ. మేం తీసుకున్న బక్ చిప్ ఎల్ఎం2596 ఈ పనిని సెకనుకు లక్షా యాభై వేల సార్లు చేస్తుంది. ప్రతి విడతలో 12లో 5 వంతుల సేపు, అంటే సుమారు 42 శాతం, ఆన్‌లో ఉంటే సగటు 5 వోల్టులు.

ఆ తునకల కరెంటును నిలకడగా నడిపేది కాయిల్. నిండా ధాన్యం వేసిన బండి లాంటిది: చటుక్కున కదలదు, కదిలాక చటుక్కున ఆగదు. ఎంత కాయిల్ కావాలన్నది లెక్కే. ఆన్‌లో ఉన్న 2.8 మైక్రోసెకన్లూ దాని మీద 7 వోల్టులుంటాయి. కరెంటు హెచ్చుతగ్గులు 0.3 ఆంపియరుకు మించొద్దనుకుంటే 65 మైక్రోహెన్రీలు (కాయిల్‌ను కొలిచే యూనిట్) వస్తుంది. అంగట్లో దొరికేది 68. బోర్డు తీసుకునేది అర ఆంపియరే అయినా, ఒక్క ఆంపియరు లోడు అనుకుంటే కరెంటు 1.15 దాకా ఎగబాకుతుంది కాబట్టి అంత తట్టుకునే కాయిలే కొనాలి. లేకపోతే కాయిల్ లోపలి కోర్ సాచురేట్ అయి, అంటే ఇక అయస్కాంతశక్తిని పట్టలేక, కాయిల్ ఉన్నా లేనట్టే.

మావాడు ఇదంతా సరిగ్గానే చేశాడు. తప్పింది, కరెంటును ఒక్క వైపే పోనిచ్చే డయోడ్ దగ్గర. స్విచ్ ఆఫ్ అయ్యాక కూడా కాయిల్‌లో కరెంటు పారాలి కదా, దానికి దారి ఆ డయోడే. ఇంట్లో ఉంది కదా అని 1ఎన్4007 వేశాడు. కరెంటు స్తంభం నుంచి వచ్చే 50 హెర్ట్జ్‌కు అది బంగారం. ఇక్కడ మాత్రం ఆ డయోడ్ మూసుకునేలోపే మళ్లీ స్విచ్ ఆన్ అయిపోతుంది. ఈసారి వేలు డయోడ్ మీద కాలింది. చటుక్కున మూసుకునే షాట్కీ రకం డయోడ్ 1ఎన్5822 వేశాక చల్లబడింది. నన్నడిగితే, కొత్తవాళ్ల సర్క్యూట్లు చెడేది ఎక్కువగా ఇక్కడా, భాగాలు గుచ్చి సర్క్యూట్ కట్టే బ్రెడ్‌బోర్డు మీద వేలాడే పొడవాటి వైర్ల దగ్గరా.

ఈ పద్ధతిలో బ్యాటరీ నుంచి అర ఆంపియరు బదులు పావు ఆంపియరుకు కాస్త ఎక్కువ చాలు, నూటికి 20 వంతులు నష్టం వేసుకున్నా.

ఇంకో సంగతి. వోల్టేజీ సరిచేసే ట్రిమ్‌పాట్‌ను ముందు మల్టీమీటరు పెట్టి 5కు తిప్పుకుని, ఆ తర్వాతే బోర్డు తగిలించాలి. ఇది నేను చెప్పేసరికే ఒక బోర్డు పోయింది. "నాన్నకు చెప్పొద్దు మామా" అన్నాడు.