టీ షర్టు, బ్యానరు, గ్రూపు ఫోటో: ఉద్యోగుల సేవపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో ఉద్యోగుల సేవా కార్యక్రమాలు చూసుకోవడం నా పని. సగం సమయం స్వచ్ఛంద సంస్థలతో మాట్లాడటానికి సరిపోతుంది. మిగతా సగం కింది మాటలకు జవాబు చెప్పడంతోనే గడిచిపోతుంది.

అపోహ: ఎంత ఎక్కువ మంది వెళితే అంత సేవ.

వాస్తవం: మొదటి ఏడాది నేనూ ఇదే నమ్మాను. గోడలకు రంగులు వేయడానికి అరవై మందిని రెండు బస్సుల్లో ఒక ప్రభుత్వ పాఠశాలకు తీసుకెళ్లాను. ప్రధానోపాధ్యాయుడు అందరికీ టీ ఇప్పించి, నన్ను వరండా చివరికి పిలిచి, పెచ్చు లేచిన చోట గోటితో గీకి చూపించారు. పసుపు కింద ఆకుపచ్చ, దాని కింద గులాబీ. "ఇవన్నీ రెండేళ్లలో వచ్చిన కంపెనీలవే మేడం" అన్నారు. ఆయనకు కావలసింది మరుగుదొడ్లకు నీళ్లు, ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే మనిషి. ఆ రోజు రంగు వేసే వచ్చాం, డబ్బాలు అప్పటికే తెరిచేశారు మరి. తరువాత నలుగురిని ఎంచి, వంతులవారీగా ప్రతి గురువారం ఇద్దరిని పంపాం. పిల్లలకు వాళ్ల పేర్లు నోటికొచ్చాయి. ఫోటోలు మాత్రం బాగా రాలేదు.

అపోహ: సేవ చేయాలంటే సెలవు రోజున చేసుకోవాలి.

వాస్తవం: ఆదివారం బడి ఉండదు కదా! చాలా కంపెనీల్లో సేవ కోసం ఏడాదికి ఒకటి రెండు రోజులు జీతంతో కూడిన సెలవు ఉంటుంది. మా దగ్గరా ఉండేది, ఎవరూ వాడేవారు కాదు. బద్ధకం అనుకున్నాను. అసలు అడ్డంకి టైమ్‌షీటు, అంటే ఏ గంట ఏ పనికి పెట్టామో రాసే పట్టిక. ఆ గంటలు ఏ కోడ్ కింద రాయాలో ఎవరికీ తెలియదు, క్లయింటుకు బిల్లు వేయలేని గంట అనగానే మేనేజరు ముఖం మాడిపోతుంది. దానికంటూ ఒక కోడ్ తెరిపించి, ఆ గంటల వల్ల ఎవరి పనితీరు లెక్కా తగ్గకుండా చూడటానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఈ ఉద్యోగంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉందంటే అదే. దానికి రిబ్బను కత్తిరించడాలు ఏమీ జరగలేదు.

అపోహ: మన సేవా గంటలకు విలువ కట్టి కంపెనీ తన సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) 2 శాతం ఖాతాలో వేసుకుంటుంది.

వాస్తవం: కుదరదు. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని 2013 కంపెనీల చట్టం అంటుంది. ఉద్యోగుల ఉచిత సేవను రూపాయల్లోకి మార్చి అందులో చూపకూడదని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021లో స్పష్టంగా చెప్పింది. మీ జేబులోంచి ఇచ్చిన విరాళం కూడా ఆ ఖాతాలోకి రాదు.

అపోహ: వరదలొస్తే అన్ని డబ్బులూ ముఖ్యమంత్రి సహాయ నిధికి పంపేయవచ్చు.

వాస్తవం: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు అందరూ అడిగింది ఇదే. ఉద్యోగులు నిక్షేపంగా ఇవ్వవచ్చు. కంపెనీ కూడా ఇవ్వవచ్చు కానీ అది సామాజిక బాధ్యత ఖర్చు కిందకు రాదని 2020 ఏప్రిల్‌లోనే వివరణ వచ్చింది. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు ఇస్తే వస్తుంది. ఇక బాధితుల కోసం ఉద్యోగుల ఒకరోజు జీతం కోసి ఇచ్చే సంగతి. "ఇష్టం లేనివారు మెయిలు పెట్టండి" అనడం సమ్మతి తీసుకోవడం కాదు. ఇస్తానన్నవారి దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. పాత బట్టల డబ్బా మాత్రం దయచేసి పెట్టకండి. జనం తాగునీటికి అల్లాడుతుంటే మా లాబీలో పోగైనవాటిలో పట్టుచీరలు, ఒక సూటు ఉన్నాయి.

అపోహ: మనం వెయ్యి ఇస్తే విదేశీ మాతృసంస్థ మరో వెయ్యి జత చేస్తుంది, ఏ ఆశ్రమానికైనా సరే.

వాస్తవం: ఆ రెండో వెయ్యి విదేశీ విరాళం. తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. నమోదు ఉన్న సంస్థ తీసుకుని, లేనివారికి పంచిపెట్టడం కూడా నిషిద్ధం. మీ ఊరి చిన్న ఆశ్రమానికి నేరుగా మీరే ఇవ్వండి, జత డబ్బుపై ఆశ పెట్టుకోకుండా.

అపోహ: విరాళం ఇస్తే పన్ను ఎలాగూ తగ్గుతుంది.

వాస్తవం: కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి విరాళాలపై పన్ను మినహాయింపు లేదు. పాత విధానంలోనైనా 2 వేలకు మించి నగదుగా ఇస్తే రాదు. పైగా డబ్బా పట్టుకుని అంతస్తులన్నీ తిరిగి పోగు చేసిన సొమ్ముకు ఎవరి పేరున రసీదు రాస్తారు? కిందటి దీపావళి మేళాలో డబ్బా తీసేసి క్యూఆర్ కోడ్ అంటించాం. అది సంస్థ ఖాతాదే అని అంటించేముందు రెండుసార్లు సరిచూశాను.