కేడీ అనే రెండక్షరాల వెనుక

బెజవాడలో జైలుకెళ్ళొచ్చినవాడి గురించి ఎవరూ ఆ మాట నేరుగా అనరు. 'అత్తారింటికి వెళ్ళొచ్చాడు' అని నవ్వుతారు. కాస్త కోపమొస్తే 'కేడీ' అంటారు. ఈ రెండోది మన తిట్టు కాదు, పోలీసులది. తెల్లవాళ్ళ కాలంలో పాత నేరస్థులుగా స్టేషన్ రికార్డుకెక్కినవాళ్ళను 'నోన్ డిప్రెడేటర్' అనేవారు, అంటే తెలిసిన దోపిడీగాడు. పొడి అక్షరాల్లో కె.డి. ఆ మాట స్టేషన్ గోడ దాటి వీధిలో పడింది. ఇప్పుడు అల్లరి మనవణ్ణి అమ్మమ్మ కూడా ముద్దుగా 'ఒరే కేడీ' అంటుంది.

రిజిస్టర్లలో పేర్లెక్కించడంలో ఈ జిల్లాలకు పాత అనుభవం ఉంది. 1871లో ఉత్తరాదిన తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. మనిషి ఏం చేశాడన్నది కాదు, ఎవరి కడుపున పుట్టాడన్నదే దానికి లెక్క. మన వైపు అది ఎరుకల వాళ్ళ మీద పడింది. అంతకు ముందు వాళ్ళలో చాలామంది ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్ళకు చేరవేసి ధాన్యం తెచ్చుకునేవాళ్ళు. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, రైళ్ళొచ్చాయి, బేరం చచ్చిపోయింది. ఊరూరా తిరిగేవాళ్ళంటే దొరలకు మొదట్నుంచీ అనుమానమే. చట్టమొచ్చాక వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేశారు, ఊరు దాటాలంటే పాసు అన్నారు.

అలా రాసుకున్న కుటుంబాలను ఒకచోట ఉంచి నిఘా పెట్టడానికి పుట్టిందే బాపట్ల, చీరాల మధ్యనున్న స్టువర్టుపురం సెటిల్మెంట్. మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టి, నడిపే పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థకు అప్పగించారు. బెజవాడకు ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరంలోనూ ఇలాంటిదే ఒకటి ఉండేది. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు స్టువర్టుపురం నుంచీ వెళ్ళేవారు. పైకి చెప్పింది సంస్కరణ. చౌకగా కూలీలు దొరకడం కూడా కలిసొచ్చిందని నా అనుమానం.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. ఏడాది తిరక్కుండానే అలవాటు నేరస్థుల చట్టం ఆ ఖాళీలో కూర్చుంది. ఆంధ్రప్రదేశ్ వచ్చాక 1962లో మనకంటూ మరొకటి చేసుకున్నాం. ఇదివరకు పుట్టుక చూసి రాసేవారు, ఇప్పుడు పాత కేసు చూసి రాస్తున్నారు.

స్టువర్టుపురాన్ని మనుషులుండే ఊరుగా చూసినవాళ్ళు లేకపోలేదు. విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970లలో ఆ కుటుంబాల మధ్యకు వెళ్ళి పనిచేశారు. ఆమె గుర్రం జాషువా కూతురు. వెలివేత అంటే ఏమిటో ఆవిడకు వేరే ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. వాళ్ళ కృషితో చాలామంది బతుకులు దారిన పడ్డాయి. ఊరి పేరు మాత్రం బాగుపడలేదు. సినిమావాళ్ళు దాన్ని టైటిల్‌గా కూడా వాడుకున్నారు.

ఇప్పుడు జైలు నుంచి బయటికొచ్చేవాడి సంగతి చూడండి. 2022 చివరి లెక్క ప్రకారం దేశంలో జైళ్ళలో ఉన్న నూటికి దాదాపు 76 మంది విచారణ ఖైదీలే. అంటే నేరం ఇంకా రుజువు కాలేదు. అయినా రిమాండుకెళ్ళి బెయిల్ మీద వచ్చినవాడికీ, శిక్ష అనుభవించి రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి వచ్చినవాడికీ వీధిలో తేడా ఏమీ లేదు. కృష్ణలంకలో ఓ గది అద్దెకు అడుగుతాడు. ఆధార్ జిరాక్స్ తీసుకున్న ఓనరు రెండు రోజులాగి, 'ఆడపిల్లలున్న ఇల్లండీ, వేరేచోట చూసుకోండి' అంటాడు. సెక్యూరిటీ గార్డు పని కావాలంటే పోలీస్ వెరిఫికేషన్ అంటారు. ఆ కాగితం పేరు వింటేనే టెన్షన్.

రౌడీషీట్ ఉంటే ఇంకో తలనొప్పి. అది కోర్టు వేసే శిక్ష కాదు, పోలీసులు తెరిచే ఫైలు. ఇలాంటి నిఘా పేరుతో అర్ధరాత్రి ఇంటి తలుపు కొట్టడం చెల్లదని సుప్రీంకోర్టు 1962లోనే ఖరక్ సింగ్ కేసులో చెప్పింది. ఎన్నికలో, పెద్ద పండగో వస్తుందంటే మాత్రం స్టేషన్ నుంచి ఫోను: 'ఓసారి వచ్చి సంతకం పెట్టెళ్ళు.' ఆ పూట కూలి పోయినట్టే. పనిచ్చినవాడికి ఏం చెప్పి వెళ్ళాలి? జ్వరం అనాలి, లేదా ఎవరో పోయారనాలి. ఎన్నిసార్లని?

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం కాలమ్‌నే తీసేయమంది. నేరస్థ తెగల చట్టం మద్రాసుకొచ్చిన 1911 నుంచి లెక్కేస్తే 113 ఏళ్ళు.

ఒకసారి విజయవాడ నుంచి చీరాల వైపు ప్యాసింజర్లో వెళ్తున్నాను. ఎదురు సీట్లో కాలేజీ కుర్రాడు. 'ఏ ఊరు బాబూ?' అని పక్కనున్న పెద్దాయన అడిగితే 'బాపట్ల అండీ' అన్నాడు. బాపట్ల వచ్చింది, అతను లేవలేదు. పెద్దాయన నిద్రలో ఉన్నాడు. తర్వాతి స్టేషన్లో బండి ఆగగానే కుర్రాడు బ్యాగు భుజాన వేసుకుని దిగిపోయాడు.