అర సెకనులో అరవై చుట్లు

పర్లాకిమిడిలో తెలుగు, ఒడియా రెండు లిపుల్లోనూ పెళ్ళి శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సు ఒకటి ఉంది. దాని యజమాని ఓ సాయంత్రం పాత దినపత్రికలో చుట్టిన హార్డ్ డిస్క్ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నలభై జీబీది. పైన అంటించిన చీటీ 2003 అంటోంది. “ఇందులో పదిహేనేళ్ళ శుభలేఖలున్నాయి బాబూ. తిత్లీ తుపానప్పుడు కరెంటు పోయిన దగ్గర్నుంచి విండోస్ రావడం లేదు, అటక మీద పడేశాను. ఫార్మాట్ చేస్తే బాగవుతుందని ఒకరన్నారు” అన్నారు. ఫార్మాట్ చేయకుండా తెచ్చినందుకు ముందు ఆయనకు టీ తెప్పించాను.

ఇలాంటి రోగుల కోసమే నా దగ్గర ఫ్లాపీ డ్రైవుతో సహా ఒక పాత కంప్యూటర్ ఉంది. విండోస్‌కు ముందటి డాస్‌లో నడిచే ఎంహెచ్‌డీడీ, విక్టోరియా అనే రెండు పరీక్షా ప్రోగ్రాములు అందులో పని చేస్తాయి. మొదటిది దిమిత్రీ పోస్త్రిగన్ రాసింది, రెండోది బెలారూస్‌కు చెందిన సెర్గేయ్ కజాన్‌స్కీ రాసింది. ఈ కాలంలో డాస్ ఏమిటని నవ్వేవాళ్ళున్నారు. విండోస్‌లో మనకూ డిస్కుకూ మధ్య నలుగురైదుగురు దళారులుంటారు. డిస్కులో సెక్టార్ అనే చిన్న ముక్కను చదవలేకపోతే వాళ్ళలో వాళ్ళే మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తారు, చివరికి తెర బిగుసుకుపోతుంది. కారణం మాత్రం మనదాకా రాదు. డాస్‌లో ఆ అడ్డు లేదు. ప్రోగ్రాము నేరుగా డిస్కునే అడుగుతుంది, డిస్కు ఇచ్చిన జవాబు యథాతథంగా తెర పైభాగాన కనిపిస్తుంది. పనిలో ఉన్నాను, సిద్ధంగా ఉన్నాను, చదవలేకపోయాను, ఆ చిరునామాయే దొరకలేదు: ఒక్కో జవాబుకు ఒక్కో దీపం. యూఎస్‌బీ అడాప్టర్‌తో తగిలిస్తే ఈ సంభాషణ సరిగా సాగదు. నా పాత పెట్టెను ఇంట్లోవాళ్ళు పాతసామాన్లవాడికి ఇవ్వకుండా కాపలా కాస్తున్నది అందుకే.

పరీక్ష పైకి చాలా సాదాగా ఉంటుంది. ఎంహెచ్‌డీడీ ఒకేసారి 255 సెక్టార్లు అడిగి, జవాబు రావడానికి ఎంత సేపు పట్టిందో కొలుస్తుంది. సెక్టార్ అంటే 512 బైట్లు. ఆరోగ్యంగా ఉన్న నలభై జీబీ డిస్కు ఆ ముక్కను మూడు నాలుగు మిల్లీసెకండ్లలో అందిస్తుంది, తెర మీద ఒక బూడిదరంగు గడి పడుతుంది. ఆలస్యం పెరిగితే రంగు మారుతుంది. అర సెకను దాటితే ఎరుపు.

ఆ అర సెకనులో లోపల ఏం జరుగుతోందో ఊహిస్తే ఎర్రగడి మీద జాలి కలుగుతుంది. డిస్కు నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 120. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకండ్లు. సెక్టార్‌తో పాటే రాసి ఉంచిన దోషసవరణ సంకేతంతో అక్షరాలు సరిపోలకపోతే చదివే భాగమైన హెడ్ ఏమీ చేయలేకపోతుంది, డిస్కులో తిరిగే పళ్ళెం మళ్ళీ వచ్చేదాకా ఆగి మరోసారి చదవాలి. అర సెకను పట్టిందంటే అరవై చుట్లు. చూపు మందగించిన పెద్దాయన ఉత్తరాన్ని దగ్గరగా, దూరంగా పెట్టుకుని అరవైసార్లు చదివినట్టు. ‘డిస్క్ బాగుంది’ అని ఒక్కమాటలో తేల్చే కొత్త ప్రోగ్రాములు ఈ అవస్థను దాచేస్తాయి, అదే నాకు నచ్చదు.

అయినా ఆ సాయంత్రం పరీక్ష మొదలుపెట్టలేదు. చావుబతుకుల్లో ఉన్న డిస్కును ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్కసారే చదవగలమేమో, ఆ ఒక్కసారీ నకలు తీయడానికే వాడాలి. అడుగున ఉన్న సర్క్యూట్ బోర్డు విప్పితే, వానాకాలమంతా అటక మీద ఉన్నందుకు, హెడ్లకు తగిలే రాగి చుక్కలు నల్లబడి ఉన్నాయి. బడిపిల్లల రబ్బరుతో తుడిచాను. డిస్కును ఫ్రిజ్‌లో పెట్టమనే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది, దయచేసి వద్దు. చాలా డిస్కులకు గాలి పీల్చే చిన్న రంధ్రం ఉంటుంది, తేమ పళ్ళేల మీద నీరై కూర్చుంటుంది.

లినక్స్‌లో నడిచే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో నకలు తీశాను. అది మొండి చోట్లను ముందు దాటేసి, మంచివన్నీ తీసుకున్నాక తీరిగ్గా వెనక్కి వస్తుంది. తెల్లారేసరికి 41 సెక్టార్లు మిగిలాయి, అంటే దాదాపు 21 వేల బైట్లు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో 197వ వరుస కూడా 41 అనే చెప్పింది. తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్ల లెక్క అది. పాడైనవని తేలి, తయారీలోనే విడిగా ఉంచిన అదనపు సెక్టార్లకు మార్చినవి 5వ వరుసలో ఉంటాయి. అక్కడ 4 ఉంది. కేబుల్ దారిలో వచ్చే పొరపాట్లను లెక్కపెట్టే 199వ వరుస పెరిగి ఉంటే కేబుల్ మార్చేవాణ్ణి, అది సున్నా.

అప్పుడు ఆ 41 చోట్లా ఎంహెచ్‌డీడీతో సున్నాలు రాయించాను. 197వ వరుస సున్నాకు దిగింది. 5వ వరుస మాత్రం 4 నుంచి 7 అయింది, అంతే. నిజంగా గీత పడిన చోట్లు మూడే అన్నమాట. మిగతా 38 కరెంటు కోతల బాధితులు. సెక్టార్ సగం రాస్తుండగా కరెంటు పోతే అక్షరాలు కొత్తవి, సంకేతం పాతది. పళ్ళెం నిక్షేపంగా ఉన్నా ఎన్నిసార్లు చదివినా లెక్క కుదరదు, మళ్ళీ రాస్తే కుదురుతుంది. విండోస్ ఎప్పుడూ ఏదో ఒకటి రాస్తూనే ఉండే రిజిస్ట్రీ అనే అమరికల ఫైలులోనే ఎక్కువ దెబ్బలున్నాయి. పెట్టె తెరుచుకోకపోవడానికి కారణం అదే.

‘లో-లెవెల్ ఫార్మాట్’ చేస్తామని డబ్బు పుచ్చుకునేవాళ్ళు చేసేదీ ఈ సున్నాలు రాయడమే. 1980ల నాటి డిస్కుల్లో స్పిన్‌రైట్ అనే ప్రోగ్రాము నిజంగానే ఆ ఫార్మాట్ చేసేది. తర్వాతి డిస్కుల్లో హెడ్‌కు దారి చూపే గుర్తులు కర్మాగారంలోనే రాసేస్తారు, మన చేతికి అందవు.

నకలు కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే శుభలేఖల్లో తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలు, విరామచిహ్నాలు కలగాపులగంగా ఉన్నాయి. యూనికోడ్‌కు ముందటి తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గడుల్లోనే మన అక్షరాల ముక్కలను కూర్చేవి. అదృష్టం, ఆ ఫాంటు కూడా అదే డిస్కులో, చెక్కుచెదరని చోట ఉంది. ఎక్కించగానే 2004 నాటి శుభలేఖ తెర మీద విచ్చుకుంది. ప్రెస్సు యజమాని కళ్ళజోడు సర్దుకుని పైనుంచి కింది దాకా చదివారు.

“సుముహుర్తం అని పడింది చూడు బాబూ” అన్నారు. “అప్పుడు ఎవరూ చూడలేదు.”