కోయిల ఎక్కడికీ వెళ్లలేదు: పెరటి వసంతంపై అపోహలు - వాస్తవాలు

శివరాత్రి దాటిందంటే నాకు ఫోన్లు, ఫొటోలు మొదలవుతాయి. "మా పెరట్లోకి ఏదో కొత్త పిట్ట వచ్చిందండీ, ఏమిటది?" "గోడ మీద ఎర్ర తలతో ఒకటి కూర్చుంది, విషమా?" హైదరాబాద్ చుట్టుపక్కల ఇళ్ల పెరళ్లలో, మిద్దె తోటల్లో ఉండే జీవులను గమనించడం, పిల్లలకీ పెద్దలకీ చూపించడం నేను చాలా ఏళ్లుగా చేస్తున్న పని. వాళ్లు కొత్తది అనుకున్నది చాలావరకు ఏడాదంతా ఆ ఇంటి చుట్టే ఉన్నది. ఈ రుతువులో దాని గొంతో, రంగో, ఆకలో మారుతుంది. ఆ మార్పును మనం వేరే జీవిగా పొరబడతాం. కింద రాసిన అపోహల్లో చాలా వాటికి మూలం ఇదే.

అపోహ: వసంతం రాగానే కోయిల వస్తుంది, మావిచిగురు తిని కూస్తుంది.

వాస్తవం: మన దగ్గర కోయిల ఏడాది పొడవునా ఉంటుంది. చలికాలంలో కూయదు కాబట్టి లేదనుకుంటాం. గుబురు కొమ్మల్లో కదలకుండా కూర్చునే పక్షి అది, గొంతు విప్పకపోతే కనిపెట్టడం కష్టం. ఫిబ్రవరి చివర, మార్చిలో జతకట్టే కాలం మొదలవగానే మగ కోయిల పిలుపు అందుకుంటుంది. మామిడి చిగురించేదీ ఆ రోజుల్లోనే కాబట్టి మన కవులు రెండింటినీ కలిపారు. ఆ ఊహ నాకూ ఇష్టమే. కానీ కోయిల ముఖ్యంగా తినేది రావి, మర్రి, జువ్వి లాంటి చెట్ల పండ్లు, వాటితోపాటు పురుగులు.

నల్లగా నిగనిగలాడుతూ, ఎర్రటి కళ్లతో "కుహూ" అని పాడేది మగది. ఆడ కోయిల గోధుమ రంగులో ఉండి ఒంటినిండా తెల్ల చుక్కలు, చారలతో కనిపిస్తుంది. "కిక్ కిక్ కిక్" అని గబగబా అరుస్తుంది. దాన్ని చూసి డేగ అనుకునేవాళ్లు చాలామంది. కాకి గూట్లో గుడ్డు పెట్టే సంగతి అందరికీ తెలిసిందే. కోయిల గుడ్డు 12-14 రోజుల్లో పిల్ల అవుతుంది, కాకి గుడ్డుకు 16 రోజులకు పైనే పడుతుంది. ముందు పుట్టిన పిల్లే ముందు నోరు తెరుస్తుంది. యూరప్ కోకిల పిల్లలాగా మన కోయిల పిల్ల గూట్లోని మిగతా గుడ్లన్నీ బయటికి తోసెయ్యదు. చాలాసార్లు కాకి పిల్లలతో కలిసే పెరుగుతుంది. మీ వీధిలో కాకి గూడుంటే ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. మే, జూన్ నెలల్లో కాకి వెంటపడి తిండి అడిగే కోయిల పిల్ల కనిపించవచ్చు.

అపోహ: వసంతం వలస పక్షులు వచ్చే కాలం.

వాస్తవం: అది చలి దేశాల లెక్క. మనకు సరిగ్గా దానికి తిరగబడి ఉంటుంది. చలికాలం గడపడానికి ఉత్తరం నుంచి వచ్చిన వాగ్‌టెయిల్స్ (తోక ఆడిస్తూ నేల మీద నడిచే పిట్టలు), వార్బ్లర్లు (ఆకుల మధ్య పురుగులు ఏరుకునే చిన్న పిట్టలు) మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరుగు ప్రయాణం కడతాయి. అందుకే నా దగ్గర నేర్చుకునే పిల్లలతో మొదటిసారి చూసిన తేదీతో పాటు చివరిసారి చూసిన తేదీ కూడా రాయిస్తాను. వెళ్లిపోయిన పక్షిని గమనించడానికి ఎక్కువ శ్రద్ధ కావాలి.

అపోహ: మా మందార చెట్టు మీదికి హమ్మింగ్ బర్డ్ వచ్చింది.

వాస్తవం: హమ్మింగ్ బర్డ్స్ అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు. మీరు చూసింది తేనెపిట్ట. ఊదా రంగు తేనెపిట్టల్లో మగది గుడ్లు పెట్టే కాలం అయిపోయాక ఒంటి మీది ఊదా మెరుపంతా పోగొట్టుకుని ఆడదానిలాగే మట్టి రంగులోకి మారుతుంది. గొంతు నుంచి పొట్ట వరకు ఒక్క నల్ల చార మిగులుతుంది. చలికాలం చివర మళ్లీ కొత్త ఈకలు వస్తాయి. ఈ రోజుల్లో జాగ్రత్తగా చూస్తే సగం మెరుస్తూ, సగం మాసినట్టున్న మగ పిట్టలు కనిపిస్తాయి. నాకు ఈ రుతువులో అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం అదే.

బైక్ అద్దం మీద ముక్కుతో పొడిచేది కూడా ఎక్కువగా ఇదే. జోడీ కోసం వెతుకుతోందని జాలిపడతారు. కానీ అది తన ప్రతిబింబాన్ని పోటీకొచ్చిన ఇంకో మగ పిట్ట అనుకుని తరుముతోంది. రోజూ ఇలా చేస్తే అలసిపోతుంది కాబట్టి అద్దానికి ఒక గుడ్డ సంచి తొడగండి.

గూడు కట్టేది మాత్రం ఆడదే. ఎండు గడ్డి, బెరడు ముక్కలు పోగుచేసి, సాలెగూడు దారాలతో బిగించి, తీగకో బట్టల దండేనికో వేలాడదీస్తుంది. ఆకులు కుట్టే దర్జీ పిట్టకు కూడా ఆ దారమే కావాలి. సరిగ్గా ఇదే సమయంలో మనం ఉగాదికి బూజు దులుపుతాం. ఇంటి లోపల శుభ్రంగా దులుపుకోండి. కాంపౌండ్ గోడ మూలల్లో, పొదల్లో ఉన్న సాలెగూళ్లను మాత్రం వదిలెయ్యమని నేను ప్రతి ఇంట్లోనూ బతిమాలుతాను. సాలెపురుగులు తేనెపిట్ట పిల్లలకు మేత కూడా. ఎదిగే పిల్లకు తేనె ఒక్కటే చాలదు.

అపోహ: కరివేపాకు మీద పురుగు కనిపిస్తే వెంటనే మందు కొట్టాలి. వేపనూనె అయితే ఏ జీవికీ హాని ఉండదు.

వాస్తవం: సీతాకోకచిలుకలు మా తోటకు రావట్లేదని బాధపడే ఇంట్లోనే కరివేపాకు మీద స్ప్రే కొట్టడం చూస్తుంటాను. నిమ్మ సీతాకోకచిలుక నిమ్మ, కరివేపాకు లేత చిగుళ్ల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. చిన్న పురుగు అచ్చం పిట్ట రెట్టలా నలుపు, తెలుపు కలిసి ఉంటుంది, పిట్టలు అందుకే పట్టించుకోవు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ముల్లాంటి భాగం బయటికి తీసి ఘాటైన వాసన వదులుతుంది. దాన్ని చూసి పిల్లలు భయపడతారు గానీ అది కుట్టదు, దురద పెట్టదు. దురద పెట్టేవి ఒంటినిండా వెంట్రుకలుండే గొంగళిపురుగులు. అవి వేరే జాతులు.

వేపనూనెలో ఉండే అజాడిరక్టిన్ అనే పదార్థం పురుగు కుబుసం విడవకుండా అడ్డుకుంటుంది. చెట్టు నుంచి వచ్చిన మందే అయినా దానికి పనికొచ్చే పురుగేదో, నష్టం చేసే పురుగేదో తెలియదు. ఎదిగిన కరివేపాకు చెట్టు నాలుగు పురుగులు తిన్నంత మాత్రాన చావదు, మళ్లీ చిగురిస్తుంది. కుండీలో చిన్న మొక్క అయితే పురుగున్న రెమ్మను పెద్ద చెట్టు మీదికి మార్చండి. కుండీలోనే రెండు మూడు మొక్కలుంటే ఒకటి వంటకు, ఒకటి వాటికి అనుకుంటే గొడవే లేదు.

అపోహ: తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుంది, మనిషి రక్తం పీలుస్తుంది.

వాస్తవం: సామెతగా బాగుంటుంది గానీ ఇవి రెండు వేర్వేరు కుటుంబాల జీవులు. ఊసరవెల్లి పుట్టినప్పటి నుంచీ ఊసరవెల్లే. దాని రెండు కళ్లు వేర్వేరు వైపులకు తిరుగుతాయి, తోకతో కొమ్మను చుట్టి పట్టుకుంటుంది, మెల్లగా నడుస్తుంది. తొండ చకచకా పరుగెత్తుతుంది. ఎండలు పెరిగి జతకట్టే కాలం వచ్చేసరికి మగ తొండ తల, భుజాలు ఎర్రబడతాయి, గొంతు దగ్గర నల్ల మచ్చ తేలుతుంది. గోడ మీద ముందు కాళ్లపై లేస్తూ, వంగుతూ మిగతా మగ తొండలకు "ఇది నా చోటు" అని చెబుతుంది. ఆ ఎరుపు చూసి రక్తం తాగిందని పిల్లలు రాళ్లతో కొట్టి చంపుతారు. ఈ ఒక్క మాట నమ్మినందుకు ఎన్ని తొండలు చచ్చిపోయాయో తలుచుకుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. అది తినేది చీమలను, మిడతలను, పురుగులను. నున్నగా మెరిసే నలికిరి కూడా అంతే, విషం లేదు, ఎవరికీ హాని చెయ్యదు.

అపోహ: గూటి నుంచి పడిన పిల్లను మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రానివ్వదు.

వాస్తవం: మన చేతి వాసన తగిలిందని తల్లి పిట్ట పిల్లను వదిలెయ్యదు. అయితే ముందు చూడాల్సింది పిల్లకు ఈకలు వచ్చాయా లేదా అని. ఈకలొచ్చి, గెంతుతూ, తోక పొట్టిగా ఉంటే అది ఎగరడం నేర్చుకుంటోంది. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉండి మేత పెడుతుంటాయి. పిల్లిని, కుక్కను దూరంగా పెట్టి మీరు లోపలికి వెళ్లిపోండి. ఈకలు రాని పిల్ల అయితే గూడు అందుతుంటే అందులో తిరిగి పెట్టండి. పాలు, అన్నం పెట్టకండి, నోట్లో నీళ్లు పోయకండి.

అపోహ: నాగుపాము, జెర్రిపోతు సయ్యాటలాడతాయి. చెట్లు పెంచితే పాములొస్తాయి.

వాస్తవం: జెర్రిపోతుకు, నాగుపాముకు జత కుదరదు, కుటుంబాలే వేరు. పెనవేసుకుని సగం ఒళ్లు పైకి లేపి ఊగుతూ కనిపించేవి చాలాసార్లు రెండు మగ జెర్రిపోతులు, ఆడదాని కోసం బలం చూసుకుంటున్నాయి. మీద కొత్త బట్ట వేస్తే మంచి జరుగుతుందని దగ్గరికి వెళ్లకండి. దూరం నుంచి ఎవరు అవతలివాణ్ని కింద పడేస్తున్నారో చూడండి. జెర్రిపోతుకు విషం లేదు, అది పట్టేది ఎలుకలను.

పాము వచ్చేది చెట్టు కోసం కాదు, ఎలుకల కోసం, దాక్కునే చోటు కోసం. ఇటుకల కుప్ప, కట్టెల మోపు, నేల మీద పడిన గింజలు తీసెయ్యండి. ఏ పామో తెలియకపోతే దగ్గరికి వెళ్లకుండా అటవీ శాఖకు గానీ, హైదరాబాద్‌లో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి గానీ ఫోన్ చెయ్యండి. కాటు వేస్తే కట్లు, కోతలు, నాటు మందు వద్దు. నేరుగా యాంటీవీనం (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు అంతరించిపోయాయి.

వాస్తవం: ఏటా మార్చి 20న, పిచ్చుకల దినం నాడు, ఈ మాట తిరుగుతూనే ఉంటుంది. 2020లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య పాతికేళ్లుగా దాదాపు నిలకడగా ఉంది. తగ్గింది హైదరాబాద్ లాంటి మహానగరాల్లో. టవర్ల రేడియేషనే కారణమనడానికి గట్టి ఆధారం లేదు. గూడు పెట్టుకోవడానికి కన్నాలు లేని అద్దాల గోడలు, పిల్లలకు పెట్టడానికి పురుగులు లేని తోటలు అసలు ఇబ్బంది. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది గానీ పిల్లలకు పురుగులే మేపుతుంది. అందుకే చెక్క గూడు తగిలించి, అదే రోజు మొక్కలకు మందు కొడితే ఫలితం ఉండదు.

అపోహ: పిట్టలకు నీళ్లు పెడితే దోమలు పెరుగుతాయి.

వాస్తవం: దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం దాకా పడుతుంది. రోజు విడిచి రోజు నీళ్లు పారబోసి మూకుడు రుద్ది కడిగితే చాలు. రెండంగుళాల కంటే లోతు వద్దు, తేనెటీగలు కూర్చోవడానికి మధ్యలో ఒక రాయి వెయ్యండి. మట్టి మూకుడైతే పిట్టల కాళ్లు జారవు. నీడలో, పిల్లి మాటువెయ్యడానికి పొద లేని చోట పెట్టండి.