ఫ్యాన్‌ని కట్టొచ్చు, హీట్‌సింక్‌ని కట్టకూడదు

కంప్యూటర్లు బాగుచేయడం నా పని. ఎండలు ముదిరాయంటే, నా బల్ల మీదికి వచ్చే క్యాబినెట్ల మూత తీయగానే ఇంట్లో చేసుకున్న ఏర్పాటు ఏదో ఒకటి కనిపిస్తుంది. ఫ్యాన్‌ని దారంతో కట్టినవాళ్లున్నారు, టేపుతో అంటించినవాళ్లున్నారు. అలా చేసినందుకు నేనెవరినీ తప్పుపట్టను. కొన్ని నిజంగా బాగా పనిచేస్తాయి.

అపోహ: స్క్రూలు లేకుండా బిగిస్తే ఫ్యాన్ పాడైపోతుంది.

వాస్తవం: పాడవదు. అది కదలకుండా నిలబడితే చాలు. 120 ఎంఎం ఫ్యాన్‌కి స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 ఎంఎం. పాత క్యాబినెట్లలో 80 ఎంఎం ఫ్యాన్‌కి చేసిన రంధ్రాలు 71.5 ఎంఎం దూరంలోనే ఉంటాయి. అలాంటిచోట నేనూ కేబుల్ టైలే వాడతాను, మూలకొకటి చొప్పున నాలుగు. చేత్తో లాగి ఆపేయాలి. ప్లయర్‌తో గుంజితే ఫ్రేము వంకరపోయి రెక్కలు రాసుకుంటాయి. మిగిలిన తోకని మొదలంటా కత్తిరించాలి.

అపోహ: డబుల్ టేపో, గ్లూ గన్నో ఉంటే సరిపోతుంది.

వాస్తవం: గ్లూ గన్ జిగురు వేడికి కరిగేదే కదా, వేడి హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) పక్కన మెత్తబడుతుంది. రబ్బరు బ్యాండు కొన్నాళ్లకి జిగటగా మారి తెగుతుంది. టేపు ఊడి గ్రాఫిక్స్ కార్డు మీద పడ్డ ఫ్యాన్‌ని ఒకసారి నేనే తీశాను. దాని వైరు కార్డు ఫ్యాన్ రెక్కలకి చుట్టుకుపోయి ఉంది.

అపోహ: హీట్‌సింక్‌ని బోర్డుకి బిగించే పిన్ను విరిగితే దాన్నీ కట్టేయొచ్చు.

వాస్తవం: దయచేసి ఇది మాత్రం చేయకండి. ఫ్యాన్ గాలి విసిరితే చాలు. హీట్‌సింక్ అలా కాదు, ప్రాసెసర్ మీద అన్ని వైపులా ఒకే ఒత్తిడితో కూర్చోవాలి. ఇంజినీరింగ్ చదివే అబ్బాయి ఒకరు తెచ్చిన సిస్టమ్ పావుగంటకోసారి ఆగిపోయేది. విండోస్ పాడైందనుకుని అప్పటికే రెండుసార్లు ఫార్మాట్ చేయించారట. తీరా చూస్తే మూడు పిన్నులు బాగానే ఉన్నాయి, నాలుగో మూలని బైండింగ్ వైరుతో కట్టారు. హీట్‌సింక్ ఎత్తి చూస్తే మూడు పిన్నుల వైపు పేస్టు (వేడి హీట్‌సింక్‌కి చేరేలా మధ్యలో పూసేది) పలచగా పరుచుకుంది. వైరు కట్టిన మూలలో మాత్రం వేసింది వేసినట్టే ఉంది. ప్రాసెసర్ బాగా వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే ఆగిపోతుంది. కూలర్ (హీట్‌సింక్, దాని ఫ్యాన్ కలిపి) మార్చి కొత్త పేస్టు వేశాక ఆ బాధ పోయింది.

కూలర్ కొనేటప్పుడు సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) చూసుకోండి. ఇంటెల్ 1151, 1200 సాకెట్లకి రంధ్రాల దూరం 75 ఎంఎం, 1700కి 78. ఆ మూడు ఎంఎం తేడాని బలంగా నొక్కి సరిపెట్టలేం.

అపోహ: మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెడితే ఇక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: నాలుగు రోజులు నడుస్తుంది, ఆ తర్వాత దుమ్ము పేరుకుంటుంది. కానీ తప్పెక్కడుందో కనిపెట్టడానికి ఇది చక్కగా ఉపయోగపడుతుంది. మూత తీయగానే వేడి బాగా తగ్గితే గాలి ఆడటం లేదని అర్థం. తగ్గకపోతే పేస్టు సంగతి, హీట్‌సింక్ కూర్చున్న తీరు చూడాలి.

అపోహ: ఫ్యాన్ ఎటు తిప్పి పెట్టినా ఒకటే.

వాస్తవం: మోటారుని పట్టుకునే కాడలు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. ముందున్న ఫ్యాన్ గాలిని లోపలికి లాగాలి, వెనకది బయటికి నెట్టాలి. బిగించాక వెనక గ్రిల్లు దగ్గర చిన్న కాగితం ముక్క పట్టుకోండి. అది గ్రిల్లుకి అతుక్కుంటే ఫ్యాన్ తిరగబడిందన్నమాట.