వెనక నుంచి వచ్చే వెలుగు

మరుగుతున్న సూప్ గిన్నె మూత తీసి, ఫోన్ ఫ్లాష్ వెలిగించి ఎదురుగా నిలబడి తీయండి. వీడియోలో ఆవిరి జాడ దాదాపు ఉండదు. అదే గిన్నెను కిటికీకీ మీకూ మధ్య పెట్టి తీస్తే, ఆవిరి మెలికలు తిరుగుతూ పైకి లేవడం స్పష్టంగా కనిపిస్తుంది. గిన్నె అదే, ఫోనూ అదే. మారిందల్లా వెలుగు వచ్చే దిక్కు. వంటకాన్ని అలంకరించడానికి గంట వెచ్చించి, చివరికి నడినెత్తిన ఉన్న ట్యూబ్‌లైటు కింద వీడియో తీసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అంత శ్రమా కెమెరాకు అందకుండా పోతుంది మరి.

నిజానికి నీటి ఆవిరి కంటికి కనిపించదు. చల్లని గాలి తగలగానే అది అతి సన్నని నీటి బొట్లుగా మారుతుంది. మనం చూసేది ఆ బొట్ల గుంపునే. కాంతి తరంగదైర్ఘ్యం కంటే పెద్దవైన ఈ బొట్లు తమ మీద పడిన కాంతిలో ఎక్కువ భాగాన్ని అది సాగుతున్న దిశలోనే వెదజల్లుతాయి. వెనక్కి పంపేది చాలా తక్కువ. అందుకే దీపం ఆవిరికి అవతల ఉన్నప్పుడే ఆ కాంతి మన లెన్సును చేరుతుంది. కిటికీ ఫ్రేములోకి రాకుండా కాస్త పక్కకు ఉండి, ఆవిరి వెనక ముదురు రంగు గుడ్డ ఉంటే ఇంకా బాగా తేలుతుంది.

కోసిన టమాటా ముక్క మీది తడి మెరుపుకూ ఇదే దిక్కు కావాలి. నీటి మీద నిటారుగా పడిన కాంతిలో సుమారు 2 శాతమే తిరిగి వస్తుంది. కాంతి ఏటవాలుగా వచ్చేకొద్దీ ఆ వాటా పెరుగుతూ పోతుంది. ఈ లెక్కను 1820లలో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త అగస్టిన్ ఫ్రెనెల్ తేల్చాడు. వెనక నుంచి వాలుగా వచ్చిన వెలుగు ముక్క అంచుల మీద జారి కెమెరా వైపు మెరుస్తుంది, గింజల చుట్టూ ఉన్న గుజ్జు తళతళలాడుతుంది. తాజాదనాన్ని కన్ను గుర్తుపట్టేది చాలా వరకు ఈ మెరుపుతోనే. మన వైపు పడిన నీడ మరీ చిక్కగా ఉంటే ఇవతల ఒక తెల్ల అట్ట నిలబెట్టండి, చాలు.

కిటికీ వెలుగు ఉన్నప్పుడు గదిలో బల్బు ఆర్పేయండి. వెలుగు ఎంత పసుపుగా, ఎంత నీలంగా ఉందో చెప్పే కొలత రంగు ఉష్ణోగ్రత. పసుపు బల్బుకు అది దాదాపు 2,700 కెల్విన్లు, పగటి వెలుగుకు సుమారు 5,500. ఫోను తెల్లదనాన్ని ఏదో ఒకదానికే సరిచేయగలదు. రెండూ కలిస్తే పళ్లెంలో ఒక పక్క నీలంగా, మరో పక్క పసుపుగా మిగిలిపోతుంది. రాత్రిపూట తీయక తప్పకపోతే ఇంకో చిక్కు ఉంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. ఫోను ఫ్రేమును వరుస తర్వాత వరుసగా చదువుతుంది కనుక తెర మీద నల్లని పట్టీలు పాకుతాయి. షట్టర్‌ను, అంటే ఒక్కో ఫ్రేముకు ఫోను వెలుగు తీసుకునే సమయాన్ని, సెకనులో 50వ లేదా 100వ వంతుకు పెడితే అవి పోతాయి. 60 హెర్ట్జ్ ఉన్న చోట 60వ లేదా 120వ వంతు.

గరిటె పట్టిన చెయ్యి ఫ్రేములోకి రాగానే వెలుగు ఎగుడుదిగుడు అవుతుంటే, వంటకం మీద వేలు కాసేపు నొక్కి ఉంచండి. చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) మారకుండా అక్కడే ఆగిపోతాయి. పళ్లానికి మరీ దగ్గరగా వెళ్తే ముందు అంచు ఉబ్బినట్టు కనిపిస్తుంది. కాస్త వెనక్కి జరిగి రెండు రెట్ల జూమ్ వాడితే ఆకారం కుదురుగా ఉంటుంది.

గిన్నెకు సరిగ్గా పైన మాత్రం ఫోను పెట్టకండి. చల్లని లెన్సు గాజు మీద ఆవిరి పేరుకుని దృశ్యం మసకబారుతుంది. పక్కనే మెత్తని పొడి గుడ్డ ఉంచుకోండి. మూత తీసిన మొదటి కొన్ని సెకన్లలోనే ఆవిరి దట్టంగా ఉంటుంది కాబట్టి, ముందు రికార్డింగ్ మొదలుపెట్టి ఆ తర్వాతే మూత తీయండి.